‘అన్నంతో’ని తప్పుగా పలుకుతున్న తెలుగు వాయిస్: మాటల్ని విడగొట్టి ఇస్తే బాగుపడుతుందా?

మౌలాలి_మిద్దె:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా నాన్న కాచిగూడ వైపు ఒక ప్రెస్సులో ముందు కంపోజిటర్‌గా, తర్వాత ప్రూఫ్ రీడర్‌గా ముప్పై ఏళ్ళు చేశారు. గ్లాకోమాతో చూపు తగ్గి, రెండేళ్ళ నుంచి పేపరు చదవలేకపోతున్నారు. పొద్దున్నే టీతోపాటు పేపరు లేకపోతే ఆయనకి తెల్లవారినట్టే ఉండదు. నేను వెబ్ డెవలపర్‌ని. అందుకని ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, వార్తల్ని ఉచితంగా దొరికే ఒక తెలుగు వాయిస్ మోడల్‌తో చదివించి, ఆ ఆడియో ఆయన ఫోన్‌లో పెడుతున్నాను. గొంతు చాలా బాగుంది, మనిషే చదువుతున్నట్టు ఉంటుంది. గొడవంతా పలకడంలోనే.

నాన్న వింటున్నంతసేపూ కుర్చీ చేతి మీద వేలితో మెల్లగా తడుతూ ఉంటారు. తప్పు పడిన చోట వేలు ఆగిపోతుంది. ఏమీ అనరు, కాసేపటికి మళ్ళీ తట్టడం మొదలుపెడతారు. నిన్న పక్కన కూర్చుని లెక్కపెట్టాను, పది నిమిషాల ఆడియోలో 23 సార్లు ఆగింది. జీవితమంతా తప్పులు దిద్దిన మనిషికి రోజూ తప్పులే వినిపిస్తున్నానని చాలా బాధగా ఉంది.

ఎక్కడెక్కడ ఆగిందో రాసుకున్నాను. ‘అన్నంతో’ అని ఉంటే ‘అన్నన్తో’ అంటోంది. ‘వేగంగా’లో సున్నాని ‘గంగ’లో సున్నాలా పలుకుతోంది. ‘మేకలు’, ‘మేకులు’ రెండింటికీ ఒకే మే. ‘రూ.50కి’ అని ఉంటే ‘రూ, యాభై, కి’ అని మూడు ముక్కలు. ‘వచ్చాడాయన’ అంటే ఏదో ప్రశ్న అడుగుతున్నట్టు గొంతు పైకి లేపుతోంది. ఇక ‘వెళ్ళిపోవాల్సొచ్చిందన్నాడు’ లాంటి పొడుగు మాట తగిలితే మధ్యలో ఒకటి రెండు అక్షరాలు మింగేస్తోంది.

ఇంగ్లిష్‌లో పాత రోజుల్లో మాటని ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కల్ని బట్టి పలికించేవాళ్ళని విన్నాను. మన తెలుగు రాసినట్టే పలుకుతాం కదా, మనకీ అది కావాలా? లేక ఇంతకన్నా మంచి మోడల్ వెతుక్కుంటే సరిపోతుందా? నేను భాషాశాస్త్రం చదువుకోలేదు, తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

తార్నాక_చెట్టునీడ:

మీరు రాసుకున్న జాబితాలో ఒకటి గమనించారా? మీ నాన్నగారి వేలు ఆగినవి చాలావరకు అతుకుల దగ్గరే. ‘అన్నం’కి ‘తో’ అతికిన చోట, ‘వేగం’కి ‘గా’ అతికిన చోట, ‘వచ్చాడు’కి ‘ఆయన’ అతికిన చోట. ఆయన చెవి ఎంత పదునైనదో దీన్నిబట్టే తెలుస్తోంది, ఆ జాబితా పారేయకండి, మీకు అంతకన్నా మంచి టెస్ట్ ఫైల్ ఎక్కడా దొరకదు.

‘రాసినట్టే పలుకుతాం’ అనేది సగమే నిజం. సున్నానే తీసుకోండి. దానికి సొంత ధ్వని లేదు, మాట లోపల ఉంటే పక్కనున్న అక్షరాన్ని బట్టి మారిపోతుంది: ‘గంగ’లో ఙ్, ‘మంచి’లో ఞ్, ‘పండు’లో ణ్, ‘చింత’లో న్, ‘పంపు’లో మ్. మాట చివర ఉంటే మాత్రం మ్. ఇప్పుడు ‘రంగంతో’ అని ఒకసారి పైకి అనండి. మొదటి సున్నా ఙ్, రెండోది మ్. ఎందుకంటే ‘రంగం’ అనే మాట అక్కడితో అయిపోయింది, ‘తో’ తర్వాత వచ్చి చేరింది. తొందరలో కొందరి నోట ఆ రెండోది న్ లాగా జారుతుంది, కానీ నిదానంగా చదివి వినిపించేటప్పుడు మ్ అనే అంటాం. రాతలో ఆ అతుకు కనపడదు. మన నోటికి తెలుసు, మెషీన్‌కి తెలీదు. ‘అన్నంత పని చేశాడు’లో అన్న, అంత కలిశాయి కాబట్టి న్. ‘అన్నంతో పెరుగు’లో అన్నం, తో కలిశాయి కాబట్టి మ్. చివరి అచ్చు తప్ప రెండూ ఒకే అక్షరాలు, విరిచే చోటు మాత్రం వేరు.

మీరు విన్నది నిజమే. అమెరికాలో ఎమ్‌ఐటీ వాళ్ళు 1970ల్లో చేసిన ‘ఎమ్‌ఐటాక్’ అనే, రాసింది పైకి చదివే ప్రోగ్రామ్ దారి అదే. ఇంగ్లిష్ మాటలన్నిటికీ నిఘంటువు పెట్టుకుంటే దానికి అంతూపొంతూ ఉండదని, మాటల్లోని ముక్కల్ని, అంటే ధాతువులు, ముందు వెనక చేరే ప్రత్యయాల్ని, సుమారు 12,000 పోగేసి పెట్టుకున్నారు. కొత్త మాట వస్తే ముందు దాన్ని ఆ ముక్కలుగా విడగొట్టి, తర్వాతే పలకడం. ‘హాట్‌హౌస్’ అనే మాటలో టీ, హెచ్ పక్కపక్కనే ఉంటాయి, అతుకు తెలియకపోతే వాటిని కలిపి ‘థ’ అనేస్తుంది. ‘స్కేర్సిటీ’ అనే మాట ఇంకా చిక్కు, ‘స్కేర్స్’, ‘ఇటీ’ అనాల్సినదాన్ని ‘స్కార్’, ‘సిటీ’ అని కూడా విడగొట్టొచ్చు. అంటే విడగొట్టడమొక్కటే కాదు, వచ్చిన విరుపుల్లో సరైనది ఏదో తేల్చుకోవాలి. వాళ్ళ పనిలో అదొక ముఖ్యమైన భాగం.

ఇంగ్లిష్‌కే అంత కావలసి వస్తే, ఒక్క క్రియకి వందల రూపాలున్న మన భాషకి ఇంకెంత కావాలో ఆలోచించండి.

చ, జ సంగతి కూడా మీకు త్వరలోనే ఎదురవుతుంది. ‘చాప’లో చ, ‘చార్మినార్’లో చ ఒకటి కావు. ‘గాజులరామారం’లో జ ఒకటి, దాని పక్కనే ఉన్న ‘జగద్గిరిగుట్ట’లో జ ఇంకొకటి. అచ్చ తెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓల ముందు దంత్యం (నాలుక పళ్ళ వైపు తగిలే పలుకు), సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో తాలవ్యం (నాలుక అంగిలికి తగిలే పలుకు). ఉర్దూ నుంచి వచ్చినవాటిలో ‘చార్మినార్’ లాంటివి తాలవ్యమే గానీ అన్నీ కావు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలోనే ఈ రెండు రకాల చజల గురించి ఉంది, యూనికోడ్‌లో వాటికి ౘ, ౙ అని విడి అక్షరాలూ ఉన్నాయి, కానీ మనం ఎవరం అలా రాయం. ‘గాజులకు’, ‘పూజలకు’ అని వస్తే ‘లకు’ని పక్కనపెట్టి గాజు, పూజ అని అసలు మాటని పట్టుకుంటేనే ఏ జ అనాలో తెలుస్తుంది.

‘మేక’, ‘మేకు’ మాత్రం తేలిక. చాలామంది నోట తర్వాతి అచ్చు అ అయితే మే వెడల్పుగా వస్తుంది, ఇంగ్లిష్ ‘క్యాట్’లో అచ్చుని సాగదీసినట్టు. తర్వాత ఉ ఉంటే మామూలు ఏ. అందుకే ‘పేట’లో ఒకలా, ‘పేరు’లో ఒకలా. దీనికి విరుపులు అక్కర్లేదు, పక్క అక్షరం చూస్తే చాలు. కానీ ‘వచ్చాడు’లో చ్చా కూడా అలాగే వెడల్పుగా పలుకుతారు, ‘కచ్చా రోడ్డు’లో చ్చా అలా కాదు. అది క్రియ అని తెలియాలి. మళ్ళీ మాట నిర్మాణం దగ్గరికే వచ్చాం.

పనికొచ్చేవి చెప్తాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో తెలుగు మార్ఫలాజికల్ ఎనలైజర్ల మీద, అంటే మాటని ముక్కలుగా విడగొట్టే ప్రోగ్రామ్‌ల మీద, ఏళ్ళ తరబడి పని జరిగింది, వాళ్ళవి వెతకండి. నామాలకి విభక్తులు ఎలా చేరతాయి, క్రియలు ఎలా మారతాయి అని ఒక్కచోట చూడాలంటే భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో తెచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణం (ఇంగ్లిష్‌లో ఉంటుంది) ఏదైనా పెద్ద లైబ్రరీలో దొరుకుతుంది.

రాత్రిషిఫ్ట్_గచ్చిబౌలి:

పైన చెప్పింది బాగుంది గానీ నాకు వేరే అభిప్రాయం ఉంది బ్రదర్. 2017లో టాకోట్రాన్ అనే, అక్షరాల నుంచి నేరుగా గొంతు పుట్టించే మోడల్ వచ్చాక ఈ ముక్కలు చేసే పనంతా తగ్గిపోయింది. అక్షరాలు ఇచ్చి, దానికి సరిపోయే ఆడియో ఇస్తే, ఏ సున్నా ఎలా పలకాలో మోడలే నేర్చుకుంటుంది. మీ మోడల్ ‘ఎంతో’ని, ‘రంగం’ని సరిగ్గానే పలుకుతుంది చూడండి, ఎవరూ రూల్ చెప్పలేదు దానికి. మీ సమస్య డేటా తక్కువ. మంచి గొంతుతో ఇంకో పది గంటల రికార్డింగ్ చేసి, దానితో మోడల్‌ని ఫైన్‌ట్యూన్ చేస్తే, అంటే ఇంకొంచెం ట్రైన్ చేస్తే, సగం తప్పులు వాటంతట అవే పోతాయని నా నమ్మకం.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. తెలుగులో డేటా ఎంత పెంచినా కొత్త రూపాలు వస్తూనే ఉంటాయి. ‘వెళ్ళిపోవాల్సొచ్చిందన్నాడు’ అనే మాట ట్రైనింగ్‌లో ఒక్కసారి కూడా ఉండకపోవచ్చు, దాన్ని మింగేయడానికి అదే కారణం అయ్యుంటుంది. ఇంకో జాగ్రత్త: ౘ, ౙ లాంటివి ట్రైనింగ్‌లో లేకుండా ఇప్పుడు ఇన్‌పుట్‌లో పెడితే మోడల్ వాటిని వదిలేయొచ్చు, మొత్తం అక్షరమే మాయమవ్వొచ్చు. మళ్ళీ ట్రైన్ చేసే ఉద్దేశం లేకపోతే దానికి ముందే తెలిసిన అక్షరాలతోనే సర్దుకోండి.

మౌలాలి_మిద్దె:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పది గంటల రికార్డింగ్ నా వల్ల ఇప్పట్లో కాదు, అందుకని నిన్న రాత్రి ముందు సున్నా సంగతి చూద్దామని కూర్చున్నాను. ‘ంతో’ కనపడితే ‘మ్తో’, ‘ంగా’ కనపడితే ‘మ్గా’, ‘ంకన్నా’ కనపడితే ‘మ్కన్నా’ అని మూడు లైన్లు రాశాను. ‘అన్నంతో’ చక్కగా పలికింది, ‘వేగంగా’ కూడా. చాలా సంతోషమేసింది. పొద్దున పేపరు పెడితే ‘ఎంతో’ని ‘ఎమ్తో’ అంది. ఆదివారం కథలో ‘ఓ వెంకన్నా’ అని పిలుపు వస్తే ‘వెమ్కన్నా’ అంది. నాన్న ఈసారి వేలు ఆపడమే కాదు, ఫోన్ తీసి పక్కన పెట్టేశారు. ఇప్పుడేం చేయాలి?

మలక్‌పేట_ఇయర్‌ఫోన్:

నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి, పదిహేనేళ్ళుగా తెర మీద ఉన్నది పైకి చదివే స్క్రీన్ రీడర్ మీదే ఉద్యోగం, చదువు అన్నీ. ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి చెప్పాలి. మీ జాబితాలో మీరు చివర రాసింది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మింగేయడం.

తప్పుగా పలికితే నేను సర్దుకుంటాను. ‘అన్నన్తో’ అన్నా అది అన్నమేనని నాకు తెలుసు. కానీ మింగేస్తే అక్కడ ఏదో పోయిందని కూడా నాకు తెలీదు. ‘వేసుకోకూడదన్నారు’లో మధ్య రెండు అక్షరాలు పోయాయనుకోండి, అది ఒక మందు గురించి అనుకోండి, ఏమవుతుంది? తెలుగులో ‘కాదు’, ‘కూడదు’, ‘లేదు’ లాంటివి చాలాసార్లు మాట కడుపులోనే కలిసిపోతాయి, విడిగా నిలబడవు. ‘చేయలేకపోయాడు’లో ‘లేక’ ఎంత చిన్నదో చూడండి, అది పోతే అర్థం తలకిందులైపోతుంది. అందుకే నేను ఇప్పటికీ పనికి ఈస్పీక్ అనే పాతకాలం ఉచిత వాయిస్ వాడతాను. గొంతు రేకు డబ్బాలా ఉంటుందని అందరూ అంటారు, నిజమే, కానీ అది రూల్స్ ప్రకారం నడుస్తుంది, ఎంత వేగంగా పెట్టినా ఒక్క అక్షరం వదలదు. కథలు వినడానికి కొత్త గొంతులు, బ్యాంకు కాగితాలకి పాతది. మీ నాన్నగారికి వార్తలతో ఆగిపోకుండా మందుల చీటీ కూడా చదివిస్తారేమో, ముందు ఇది చూసుకోండి.

అంకెలు రెండోది. ‘ఉదయం 8కి’ అంటే ఎనిమిదింటికి అనాలి. ‘3 మంది’ అంటే ముగ్గురు. ‘2.5 లక్షలు’ అంటే రెండున్నర లక్షలు. అదే ‘127కె’ బస్సుని నూట ఇరవై ఏడు అని కోఠిలో ఎవరూ అనరు, వన్ ట్వెంటీ సెవెన్ కె అనే అంటారు, అలా చదివితేనే నాకు అది బస్సు నంబరని తడుతుంది.

తార్నాక_చెట్టునీడ:

మలక్‌పేట గారు చెప్పింది అక్షరాలా నిజం, నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. ముందు పొడుగు మాటల పనే చేయండి.

మౌలాలి గారూ, మీరు చేసింది సరైన దారిలో సగం. అక్షరాల వరస చూసి మార్చారు, మాటని చూడలేదు. ‘ఎంతో’ అంటే ఎంత, ఓ. ‘అన్నంతో’ అంటే అన్నం, తో. కాబట్టి ‘తో’ తీసేశాక మిగిలిన ముక్క నిజంగా ఒక మాటేనా అని అడగాలి. ‘అన్నం’ నిఘంటువులో ఉంది, ‘ఎం’ లేదు. ‘వేగం’ ఉంది, ‘దొంగా’లోంచి ‘గా’ తీస్తే మిగిలే ‘దొం’ లేదు. ‘వెంకన్నా’లోంచి ‘కన్నా’ తీస్తే మిగిలేది ‘వెం’, అదీ లేదు. సున్నాతో ముగిసే నామాల జాబితా ఒకటి ఏదైనా ఉచిత నిఘంటువు నుంచి తీసుకోండి, దానితో సరిచూసి, ఉంటేనే మ్ చేయండి. చేయాల్సిన ప్రత్యయాలు కూడా ఎన్నో లేవు. ‘కి’, ‘ని’ ముందు సున్నా ఎలాగూ మారిపోతుంది, దేశం దేశానికి అవుతుంది. ‘లో’, ‘పై’ ముందు గొడవ లేదు. మిగిలేవి తో, గా, కోసం, కన్నా, కంటే, కూడా, కాబట్టి, ఇలా ఒక డజను. పైగా మ్ అనేది మోడల్‌కి తెలిసిన అక్షరమే కాబట్టి మళ్ళీ ట్రైన్ చేయనక్కర్లేదు.

ఇంకో మేలు ఉంది, దాన్ని పాడుచేసుకోకండి. ‘హైదరాబాద్‌లో’ అని సరిగ్గా టైప్ చేసినవాళ్ళు ద్‌కీ లోకీ మధ్య కనపడని ఒక జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతారు. లేకపోతే ల వత్తుగా కిందికి దిగిపోతుంది. టెక్స్ట్ శుభ్రం చేసేటప్పుడు చాలామంది దాన్ని చెత్త అనుకుని మొదటే తీసేస్తారు. ఎక్కువసార్లు అది అతుకు ఎక్కడుందో మనిషి స్వయంగా పెట్టిన గుర్తు. ముందు దాన్ని వాడుకుని విడగొట్టండి, మోడల్‌కి ఇచ్చే ముందు తీసేయండి.

పొడుగు మాటలకి సంధి విప్పి ఇవ్వండి. ‘వెళ్ళిపోవాల్సొచ్చిందన్నాడు’ బదులు ‘వెళ్ళిపోవాల్సి వచ్చిందన్నాడు’. క్రియకీ క్రియకీ మధ్య ఒక్క చోట విప్పితే చాలు, అన్నీ విప్పితే ఒకటో తరగతి పిల్లాడు కూడబలుక్కుని చదివినట్టు ఉంటుంది, అది మీ నాన్నగారికి ఇంకా చిరాకు. ‘వచ్చాడాయన’ని ‘వచ్చాడు ఆయన’ చేస్తే ఆ ప్రశ్న రాగం కూడా పోవాలి, ఎందుకంటే తెలుగులో చివరి దీర్ఘం ‘ఆ’ ప్రశ్నకి గుర్తు, మోడల్ ‘వచ్చాడా’ దాకా విని అక్కడే ప్రశ్న అనుకుంటోంది.

‘రూ.50కి’ విషయంలో కి ఎవరికి చెందిందో చూడండి. రాతలో యాభైకి అంటుకుని ఉంది, పలుకుబడిలో రూపాయలకి అంటుకోవాలి: యాభై రూపాయలకి. కాబట్టి ముందు ప్రత్యయం ఊడదీసి, అంకెనీ గుర్తునీ మాటలుగా మార్చి, ఆ చివరి మాటకి ప్రత్యయం మళ్ళీ తగిలించాలి. ‘5 కి.మీ.లో’ కూడా అంతే, అయిదు కిలోమీటర్లలో. అక్కడ కి.మీ.లో ‘కి’ని విభక్తి అనుకుని ఊడదీయకుండా కి.మీ.ని ముందు గుర్తుపట్టాలి. నేను మొదటిసారి చేసినప్పుడు ఈ తప్పుతోనే ఒక పూట పోయింది.

రాత్రిషిఫ్ట్_గచ్చిబౌలి:

నిఘంటువుతో సరిచూడటం మంచి ఐడియా, ఒప్పుకుంటున్నాను. ఫోన్‌లోనే నడపొచ్చు, బరువేమీ ఉండదు. ఒక పని చేయండి, మార్పు చేసిన ప్రతిసారీ నాన్నగారు ఆగిన ఆ 23 వాక్యాలూ, వాటితోపాటు ‘ఎంతో’, ‘వెంకన్నా’ లాంటి బాగానే పలికే మాటలూ మొత్తం మళ్ళీ వినండి. ఒకటి బాగుచేస్తే ఇంకొకటి చెడటం ఇందులో మామూలే. మింగేయడం పట్టుకోవాలంటే, వచ్చిన ఆడియోని ఒక స్పీచ్ రికగ్నిషన్ మోడల్‌కి ఇచ్చి మళ్ళీ టెక్స్ట్ చేయించి, అసలు దానితో పోల్చండి. బాగా తేడా ఉన్న వాక్యాలు మాత్రం మీరు కూర్చుని వింటే చాలు.

మౌలాలి_మిద్దె:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. పొడుగు మాటలు విప్పడం ముందు చేశాను, మలక్‌పేట అన్న చెప్పినట్టు ‘కూడదు’, ‘లేక’ ఉన్న క్రియలన్నీ విడిగా ఏరి ఒక్కొక్కటి విన్నాను. మందుల చీటీ మాత్రం ఇప్పటికి నేనే చదువుతున్నాను, ఆ ధైర్యం ఇంకా రాలేదు.

నిఘంటువు తీసుకుని సున్నా మాటలు వడపోస్తుంటే నాన్న ఏం చేస్తున్నావని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, ‘కాబట్టి’ పెట్టావా, ‘కొద్దీ’ పెట్టావా, ‘ఇష్టంకొద్దీ’ అంటారు కదా అన్నారు. నేను పెట్టలేదు. అప్పట్నుంచి రాత్రి భోజనాలయ్యాక ఆయన చెప్తుంటే నేను టైప్ చేస్తున్నాను. ప్రెస్సులో సీసం అక్షరాలు ఏ గడిలో ఏది ఉండేదో చెప్పినంత వరసగా చెప్తున్నారు.

ఇవాళ పొద్దున ఆడియోలో ‘పంతంతో’ అని వచ్చింది. మొదటిది న్, రెండోది మ్. వేలు ఆగలేదు.

చ, జల జాబితా ఇంకా మొదలుపెట్టలేదు. మాది మౌలాలి, నాన్నది నల్గొండ వైపు, కొన్ని మాటలకి ఇంట్లోనే రెండు పలుకులున్నాయి. అలాంటప్పుడు ఎవరిది పెట్టాలి?

మలక్‌పేట_ఇయర్‌ఫోన్:

వినేది ఆయన. ఆయనదే పెట్టండి.